‘నిశ్శబ్దం పాటించండి’ బోర్డు కింద ఒక మైకు

(తిరుపతిలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక విశ్రాంత గ్రంథపాలకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఆహ్వాన పత్రికలో నా ప్రసంగానికి ‘డిజిటల్ యుగంలో గ్రంథాలయాల పాత్ర’ అని పేరు పెట్టారు. ఉద్యోగంలో ఉండగా ఈ పేరుతో కనీసం పది సభల్లో మాట్లాడి ఉంటాను. పదింటిలోనూ ఒకటే ప్రసంగం. కప్పిన శాలువా కూడా ఇంచుమించు ఒకే రంగు. (నవ్వులు) ఈసారి ఆ ప్రసంగాన్ని పక్కన పెట్టి, ముందు మీకొక శబ్దం వినిపిస్తాను.

(ఫోనును మైకుకు ఆనించి ఒక కూత వినిపించారు.)

ఇది ఎవరి గొంతో చెప్పగలరా? వెనక వరుసలో అమ్మాయి ‘తీతువు’ అంది. సరిగ్గా చెప్పావమ్మా. తీతువు పిట్టే. రాత్రిపూట ఇది అరిస్తే ఇంట్లో ఏదో కీడు జరుగుతుందని మా అమ్మ లేచి వెళ్లి కిటికీ రెక్కలు మూసేది. పాపం, దాని బాధ దానిది. అది చెట్టు మీద గూడు కట్టదు. చెరువు గట్టునో బీడులోనో నాలుగు గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. కుక్క వచ్చినా మనిషి వచ్చినా గోల పెట్టి దారి మళ్లించాలని చూస్తుంది. ‘మీ ఇంటికి కీడు వస్తోంది’ అని అది ఎప్పుడూ అనలేదు. ‘మా ఇంటికి మీరే కీడు, పొండి’ అంటోంది. ఇన్ని తరాలుగా మనం దాని మాటను తిరగేసి విన్నాం.

నాకీ శబ్దాల పిచ్చి పట్టించింది మా పక్కింటి కుర్రాడు. జంతుశాస్త్రం చదువుతున్నాడు. వానాకాలం రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని కప్పల అరుపులు రికార్డు చేయడానికి పోయేవాడు. చూడటానికి ఒకేలా ఉండే రెండు జాతుల కప్పలను అరుపును బట్టి విడదీయవచ్చట. ఒకరోజు ‘సార్, మీరూ రండి’ అని తెల్లవారకముందే తిరుపతి దగ్గరి మామండూరు అడవి వైపు తీసుకెళ్లాడు. అక్కడ నేను నా ఫోనులో ఇరవై నిమిషాలు రికార్డు చేశాను. చాలా గర్వంగా ఇంటికి వచ్చి విన్నాను. అందులో ఏముందంటే, నా చెప్పుల కిర్రు, నా దగ్గు, జేబుకు ఫోను రాసుకున్న గరగర, మధ్యలో ఏదో మెసేజీ వచ్చిన టింగు. ఇంకా ‘అదేనా? అదేనా?’ అని నేనే మూడుసార్లు అడిగిన ప్రశ్న. వీటన్నిటి వెనక ఎక్కడో దూరంగా ఒక పిట్ట. కుర్రాడు మర్యాదస్థుడు. అంతా విని, ‘సార్, మీ గొంతు చాలా స్పష్టంగా వచ్చింది’ అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఎందుకంటే అంతకు కొన్నేళ్ల ముందు, ఉద్యోగం చివరి రోజుల్లో, మా శాఖా గ్రంథాలయం తరఫున నేనొక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాను. మొదటి భాగం పద్నాలుగు నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు శుభాకాంక్షలు, నాలుగు నిమిషాలు కొత్త పుస్తకాల జాబితా, మిగిలినది వందన సమర్పణ. తొమ్మిది మంది విన్నట్టు లెక్క చూపించింది. అందులో నలుగురు మా సిబ్బందే, ఒకడిని నేనే. మామండూరు రికార్డింగులో ఏ జబ్బు ఉందో ఇందులోనూ అదే ఉంది. వినిపించాల్సింది దూరంగా ఎక్కడో ఉండిపోయి, మన గొంతే స్పష్టంగా వచ్చింది.

పాడ్‌కాస్ట్ అన్న మాట ఎంతోమందికి బెదురు పుట్టిస్తుంది కాబట్టి దాని సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. రేడియో కార్యక్రమాన్ని మీకు వీలైనప్పుడు వినేలా ఇంటర్నెట్‌లో పెట్టి, కొత్త భాగం రాగానే అది చందాదారుల ఫోనుకు దానంతట అదే చేరేలా చేయడం. ఐపాడ్ లోని పాడ్, బ్రాడ్‌కాస్ట్ లోని కాస్ట్ కలిపి 2004లో ఒక బ్రిటిష్ పాత్రికేయుడు ఈ మాట కట్టాడు. ఐపాడ్‌లు పోయాయి, మాట మిగిలింది. వారపత్రికకు చందా కట్టినట్టే అనుకోండి. పోస్టుమ్యాను రాడు, అంతే తేడా.

ఇప్పుడు అడవి శబ్దాల దగ్గరకు వస్తాను. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోక్ అనే పిల్లవాడికి తండ్రి ఎడిసన్ ఫోనోగ్రాఫు తెచ్చి ఇచ్చాడు. పిల్లవాడికి ఎనిమిదేళ్లు. ఇంట్లో పంజరంలో ఉన్న పిట్ట ముందు దాన్ని పెట్టి ఆ పాటను మైనపు గొట్టం మీదికి ఎక్కించాడు. ఇప్పటికీ మిగిలి ఉన్న పక్షి రికార్డింగుల్లో అదే అన్నిటికన్నా పాతదని చెబుతారు. ఆ పిట్ట ఏదనుకున్నారు? శామా. మన దేశపు అడవుల్లో తిరిగే పిట్ట. దానికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏం పని అంటారా, పంజరం ఎక్కడికి పోతే పిట్టా అక్కడికే పోతుంది. ఆ పిల్లవాడు పెద్దయి ఇంగ్లండ్ చేరి రేడియోలో పక్షుల గొంతులు వినిపించి పేరు తెచ్చుకున్నాడు.

ఈ శబ్దాలన్నీ చివరికి ఎక్కడికి చేరాయో చూడండి. గ్రంథాలయాలకే. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1929లో పక్షుల గొంతులు పట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ సేకరణ పేరు ఇవాళ మెకాలే లైబ్రరీ. లండన్‌లో 1969లో అడవి శబ్దాల కోసం ప్రత్యేకంగా ఒక సేకరణ మొదలై, ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో భాగం. అందులో 2,50,000కు పైగా రికార్డింగులు ఉన్నాయి. 2005లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు మొదలుపెట్టిన జెనో-కాంటో అనే వెబ్‌సైటులో మీరూ నేనూ కూడా మన పెరట్లో పిట్ట గొంతు పెట్టవచ్చు. పది వేలకు పైగా పక్షి జాతుల గొంతులు అక్కడ ఉన్నాయి. ఆ కుర్రాడు పెట్టిన తీతువు కూత కూడా ఉంది. నాది పెట్టలేదు, చెప్పుల చప్పుడు ఉందని.

తిరుపతిలో నిలబడి శబ్దం గురించి మాట్లాడుతూ అన్నమయ్యను తలవకుండా ఉండటం కుదరదు. ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పారని ప్రతీతి. వాటిని రాగి రేకుల మీద చెక్కించి కొండ మీద గుడిలో ఒక అరలో భద్రపరిచారు. 1922లో అవి వెలుగులోకి వచ్చాయి. మనకు దక్కినవి 12 వేలకు పైగా. నాలుగు వందల ఏళ్లు చీకట్లో ఉన్నా అక్షరం చెరగలేదు. ప్రతి పాటకూ పైన రాగం పేరు చెక్కి ఉంది. కానీ ఆ రాగాన్ని ఆయన ఏ నడకలో పాడారో, ఏ మాట దగ్గర గొంతు ఆపారో రేకు చెప్పదు. స్వరాలు చెక్కలేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు కూర్చుని మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది. అవి గొప్ప బాణీలు, కాదనను. కానీ అవి అన్నమయ్య గొంతులోంచి వచ్చినవి కావు. మాట దాచుకోవడానికి రాగి అంతటి లోహం దొరికింది. గొంతు దాచుకోవడానికి ఆ రోజుల్లో ఏమీ లేదు. ఇవాళ అందరి జేబుల్లోనూ ఉంది. దాచేవాళ్లే లేరు.

అడవి శబ్దాన్ని శాస్త్రం ఎలా వాడుకుంటుందో తెలియాలంటే పక్కనున్న కడప జిల్లాకు పోదాం. కలివికోడి పేరు మీరు వినే ఉంటారు. 1848లో జెర్డన్ అనే వైద్యుడు దాన్ని మొదటిసారి నమోదు చేశాడు. 1900 తరువాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందని రాసేశారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు, స్థానికుల సాయంతో, లంకమల కొండల దగ్గర దొరికింది. దాని కోసమే అక్కడ అభయారణ్యం ఏర్పడింది. అది రాత్రి తిరిగే పిట్ట. రంగు నేల రంగు, నివాసం ముళ్లపొదలు. కంటితో వెతికి పట్టుకోవడం గడ్డివాములో సూదిని వెతకడమే. తరువాతి పరిశోధకులు దాని కూతను రికార్డు చేశారు. మసక చీకటి వేళ ఆ కూత వినిపించి, బదులు వస్తుందేమోనని చెవి ఒగ్గి కూర్చోవడం దాన్ని వెతికే పద్ధతుల్లో ఒకటయింది. ఒక ప్రాణి ఈ భూమి మీద ఉందా లేదా అన్న ప్రశ్నకు కొన్ని సెకన్ల శబ్దం సాక్ష్యం చెబుతోంది. అయితే ఆ శబ్దానికి ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్న చీటీ లేకపోతే అది సాక్ష్యం కాదు, కాలక్షేపం.

ఆ చీటీ దగ్గరే నేను కాసేపు ఆగుతాను. ఎందుకంటే అది మన వృత్తి.

కప్పల దగ్గర ఆ కుర్రాడు రికార్డింగు అయిపోగానే యంత్రం ఆపలేదు. చీకట్లో నిలబడి, తన గొంతుతోనే దానికి చెప్పాడు. తేదీ. సమయం, రాత్రి తొమ్మిది నలభై. స్థలం, ఫలానా కుంట, తూర్పు గట్టు. వాన ఆగి గంట అయింది, గాలి లేదు. కప్ప నాకు ఇంచుమించు రెండు మీటర్ల దూరంలో, నీటి అంచున గడ్డిలో ఉంది. వెనక వినిపించే మోత పక్క చేనులో మోటారుది. ఇవన్నీ చెప్పి అప్పుడు ఆపాడు. ‘ముందే చెప్పవచ్చు కదయ్యా’ అన్నాను. ‘ముందు చెబుతూ కూర్చుంటే అది అరవడం మానేస్తుంది సార్’ అన్నాడు. నా ఒళ్లు జలదరించింది. ముప్పై ఏళ్లు యాక్సెషన్ రిజిస్టరులో, అంటే కొత్తగా వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే పుస్తకంలో, నేను రాసింది ఇదే కదా! నంబరు, తేదీ, గ్రంథకర్త, పేరు, ప్రచురణ, వెల, ఎక్కడి నుంచి వచ్చింది. అడవిలో వాడు, అల్మారాల మధ్య నేను, ఒకే రిజిస్టరు నింపుతున్నాం. ‘వెనక మోటారు మోత’ అని ఒప్పుకోవడం మాత్రం నా రిజిస్టరులో లేదు. చినిగిన పుస్తకాన్ని కూడా ‘మంచి స్థితి’ అని రాసిన రోజులున్నాయి. (నవ్వులు) స్టాకు వెరిఫికేషన్ చేసినవాళ్లు నవ్వుతున్నారు, తెలుస్తోంది.

గ్రంథాలయాలు పాడ్‌కాస్ట్ చేయాలని ఎందుకంటున్నానంటే, మనకు ఈ రిజిస్టరు విద్య చేతనవును కాబట్టి. మాట్లాడేవాళ్లు యూట్యూబు నిండా ఉన్నారు. మనకన్నా బాగా మాట్లాడతారు. ఊరి శబ్దాన్ని పట్టుకుని, చీటీ కట్టి, యాభై ఏళ్ల తరువాత అడిగినవాడికి తీసి ఇవ్వగలిగిన మనిషి మాత్రం గ్రంథపాలకుడే. పాడ్‌కాస్ట్ అనేది అలా దాచినదాన్ని వారానికో నెలకో పాఠకుడికి ఇష్యూ చేసే పద్ధతి. అంతకన్నా ఏమీ కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. కపిల అంటే ఇక్కడున్న పిల్లలకు తెలియకపోవచ్చు. బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే ఏర్పాటు. తోలు బాన, దానికి మోకు, బావి మీద గిలక. ఎద్దులు ఏటవాలు బాటలో ముందుకు దిగితే బాన పైకి వస్తుంది, వెనక్కి అడుగులేస్తూ ఎక్కితే బాన బావిలోకి పోతుంది. మోటార్లు వచ్చాక కపిలలు పోయాయి. చంద్రగిరి వైపు ఒక ఊళ్లో, కపిల తోలిన పెద్దాయన ఒకరున్నారు. ఎనభై దాటాయి. నా ఉద్యోగపు రోజుల్లో రోజూ గ్రంథాలయానికి వచ్చేవాడు. చదువు రాదు. ఎవరో ఒకరు పేపరు పైకి చదివితే, కళ్లు మూసుకుని వినేవాడు. సంతకం రిజిస్టరులో వేలిముద్ర వేస్తాననేవాడు. వద్దు తాతా, పేరు నేను రాస్తానులే అనేవాణ్ని.

కపిల పాటలు రికార్డు చేద్దామని ఆయన ఇంటికి వెళ్లాను. పన్నెండు ప్రశ్నలు రాసుకుని మరీ వెళ్లాను. ‘మీరు కపిల ఎన్నేళ్లు తోలారు?’ ‘చాలా ఏళ్లు.’ ‘పాటలు పాడేవారా?’ ‘పాడేవాళ్లం.’ ‘ఏమేం పాటలు?’ ‘ఏముందిలే నాయనా, అప్పటివి.’ పన్నెండు ప్రశ్నలూ ఆరు నిమిషాల్లో అయిపోయాయి. ఇంటికి వచ్చి వింటే మళ్లీ అదే కథ. నా గొంతు చాలా స్పష్టంగా వచ్చింది.

కుర్రాడికి చెప్పాను. వాడు కప్పల భాషలో జవాబిచ్చాడు. ‘మన అడుగుల చప్పుడు కాగానే కుంటలో కప్పలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి సార్. మనం కదలకుండా కూర్చోవాలి. కాసేపటికి ఏదో ఒకటి ధైర్యం చేస్తుంది. తరువాత అన్నీ అందుకుంటాయి.’

రెండోసారి కాగితం లేకుండా వెళ్లాను. ఫోను అరుగు మీద తువ్వాలు మడిచి దాని మీద పెట్టాను, ఆయనకు జానెడు దూరంలో. ‘తాతా, ఇది వింటూ ఉంటుంది, మీకు తోచినప్పుడు తోచింది చెప్పండి’ అని ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. మొదటి నాలుగు నిమిషాలు మాట లేదు. వాకిట్లో ఆయన కోడలు వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ఆ టపటపలు రికార్డింగులో ఉన్నాయి. ఒక కోడి పెట్ట వచ్చి పోయింది. అప్పుడాయన, నాతో కాదు, ఎదురుగా ఉన్న గోడతో అన్నట్టుగా, ‘గిలకకు ఆముదం పెట్టడం మరిచిపోతే ఊరు ఊరంతా తిట్టేది’ అన్నాడు. అని, నోటితో ఆ గిలక చప్పుడు చేశాడు. కిర్రుమని మొదలై, సన్నగా సాగి, పైకి పోయి, చివర బానలో నీళ్లు తొట్టిలో పడినప్పుడు ‘దబ్బు’. ఆ తరువాత ఎద్దులను వెనక్కి రమ్మనే కేక. ఆ తరువాత పాట.

రెండు పాదాలు పాడి ఆగిపోయాడు. నేను అడగలేదు. కుర్రాడి మాట గుర్తుంది. కాసేపటికి ఆయనే చెప్పాడు. అది రెండు కపిలల బావి. ఇటు ఈయన, అటు ఇంకొకాయన. ఈయన రెండు పాదాలు పాడితే అటువైపు ఆయన అందుకునేవాడు. ‘తరువాతది నా జోడుగాడు పాడేవాడు నాయనా. వాడు పోయి పన్నెండేళ్లయింది. వాడి పాదాలు నేనెప్పుడూ పాడలేదు. అది వాడి వంతు.’

ఆ పాట సగమే ఉంది. నేను పన్నెండేళ్లు ఆలస్యంగా వెళ్లాను. ఆ పన్నెండేళ్లలో ఎక్కువ భాగం నేను ఆ మండలంలోనే, ఆ పెద్దాయన పేపరు వినే గదిలోనే, ఉద్యోగం చేశాను.

(కొద్దిసేపు ఆగారు.)

సరే. పని ఎలా చేయాలో చెబుతాను.

గది కోసం వెతకకండి. పుస్తకాల గది ఉంది కదా. అల్మారాల నిండా ఎత్తూ లోతూ వేర్వేరుగా ఉన్న పుస్తకాలు శబ్దాన్ని పీల్చుకుంటాయి, ప్రతిధ్వని రాదు. డబ్బు పెట్టి స్టూడియో గోడలకు అతికించే దిమ్మెలు చేసే పని మన పాత బౌండు పుస్తకాలు ఊరికే చేసి పెడతాయి. ఫ్యాను ఆపండి. ట్యూబులైటు చోకు జుయ్యిమంటుంటే అదీ ఆపండి. ఫోనును విమానం గుర్తు నొక్కి పెట్టండి, లేకపోతే మధ్యలో లోను ఇస్తామని ఎవరో ఒకరు పిలుస్తారు. బయట రికార్డు చేస్తే గాలి మైకు మీద కొట్టి బరబరమంటుంది. అడవిలో తిరిగేవాళ్లు మైకుకు బొచ్చు తొడుగు వేస్తారు. నేను మా మనవడి పాత ఉన్ని టోపీ కత్తిరించి తొడిగాను. వాడు ఇప్పటికీ క్షమించలేదు.

అసలు ప్రతిని కుదించకుండా వేవ్ ఫైలుగా దాచండి. సీడీ నాణ్యతలో గంటకు ఇంచుమించు 600 ఎంబీ అవుతుంది. జనానికి పంపేది ఎంపీ3. మాట వరకే అయితే గంట శబ్దం 30 ఎంబీలో సరిపోతుంది. దాచే ప్రతికీ పంచే ప్రతికీ తేడా మనకు కొత్త కాదు, రిఫరెన్సు పుస్తకం ఇంటికి ఇవ్వం కదా. ప్రతి ఫైలుకూ మూడు నకళ్లు ఉండాలి. ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. పెద్ద సంస్థలకే తప్పలేదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగితే వాళ్ల ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి మూతబడ్డాయి, శబ్దాలతో సహా.

ఏమి వినిపించాలి? బ్రిటన్ రేడియోలో 2013లో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. తెల్లవారుజామున ఒక పక్షి గొంతు, దాని గురించి నాలుగు మాటలు, మొత్తం తొంభై సెకన్లు. నాకు ఆ కొలత నచ్చింది. మనం కూడా ఒక శబ్దం వినిపించి, దాని చీటీ చదివి, చివర ఒకే ఒక్క మాట చేరుద్దాం. ‘దీని గురించి ఇంకా తెలుసుకోవాలంటే మన గ్రంథాలయంలో ఫలానా అల్మారాలో ఫలానా పుస్తకం ఉంది.’ తీతువు విన్నవాడు పుస్తకాల వర్గీకరణలో 598 సంఖ్య దగ్గరకు, పక్షుల అల్మారాకు నడిచి రావాలి. కపిల చప్పుడు విన్నవాణ్ని ఏ సంఖ్య దగ్గరకు పంపాలో, వ్యవసాయానికా జానపదానికా, నేనింకా తేల్చుకోలేదు. వర్గీకరణలో గట్టివాళ్లు ఈ సభలో ఉన్నారు, చెప్పండి.

శేషాచలం చుట్టూ ఉన్న శాఖలకు సరుకుకు కొదవ లేదు. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన అడవి మన పెరట్లో ఉంది. రాతి నెర్రెల్లో ఉండే బంగారు బల్లి రాత్రిపూట ఎంత గట్టిగా అరుస్తుందో కొండ ఎక్కే భక్తుల్లో ఎంతమందికి తెలుసు? పలమనేరు, కుప్పం శాఖల వాళ్లకు ఏనుగులు ఉన్నాయి. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 1984లో అమెరికాలో కేటీ పేన్ అనే పరిశోధకురాలు పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఏనుగుల పక్కన నిలబడి, చెవికి ఏమీ వినబడకుండానే గాలి అదురుతున్నట్టు గమనించారు. చిన్నప్పుడు చర్చిలో పెద్ద ఆర్గను పక్కన నిలబడి పాడినప్పటి అదురు ఆమెకు గుర్తొచ్చింది. రికార్డు చేసి వేగం పెంచి వింటే, ఏనుగులు మాట్లాడుకుంటున్నాయి. మన చెవి సెకనుకు 20 కంపనాల కింద దేన్నీ పట్టుకోలేదు. వాటి మాటల్లో కొన్ని అంతకన్నా కింద ఉంటాయి, కిలోమీటర్ల దూరం పోతాయి. చెరుకు గెడలు విరుగుతున్న చప్పుడుకు నిద్రలేచిన రైతుతో ఒక భాగం, ఈ సంగతితో ఒక భాగం చేయండి. పలమనేరులో వినని వాళ్లుండరు. రైతు చేత ముందు మాట్లాడించండి, శాస్త్రం తరువాత.

రెండు జాగ్రత్తలు. దేవాంగపిల్లి వంటి ప్రాణి గొంతు దొరికితే సరిగ్గా ఎక్కడ దొరికిందో బయటపెట్టకండి. మూఢనమ్మకాలతో దాన్ని పట్టి అమ్మేవాళ్లున్నారు. స్థలం రిజిస్టరులో ఉండాలి, పాడ్‌కాస్ట్‌లో ఉండకూడదు. అలాగే రికార్డు చేసిన కూతను అడవిలో పదే పదే వినిపించి పిట్టను వేధించకూడదు. మనుషుల విషయంలోనూ అంతే. కపిల పెద్దాయనకు మొదట రికార్డింగు మొత్తం వినిపించాను. కోడలి మీద విసుక్కున్న ముక్క ఒకటి తీసేయమన్నాడు. తీసేశాను.

పుస్తకాలు చదివి వినిపించాలనే ఉత్సాహం ఉన్నవాళ్లు హక్కుల సంగతి చూసుకోవాలి. మన చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కు వారసులది. వీరేశలింగంగారినీ గురజాడవారినీ నిర్భయంగా చదవండి. చూపు లేని పాఠకుల కోసమైతే చట్టం ఇంకా ఉదారంగా ఉంది. 2012 సవరణ వాళ్లకు అనువైన రూపంలో పుస్తకం తయారుచేయడానికి వీలిచ్చింది. ఇందుకోసమే 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ధ్రువీకరించింది మన దేశమే. అయినా మన శాఖల్లో ఒక్క చెవి పుస్తకం ఉండదు. ఈ తప్పులో నా వాటా నాకుంది.

చేరవేయడం కష్టం కాదు. యాప్ తెలిసినవాళ్లు యాప్‌లో వింటారు. మిగతావాళ్లకు వాట్సాప్ ఉంది. అదీ లేనివాళ్లకు గ్రంథాలయంలో పాత కంప్యూటర్, రెండు హెడ్‌ఫోన్లు. పెన్‌డ్రైవును పుస్తకంలాగే ఇష్యూ చేయండి. 1930ల్లో పుస్తకాలను పడవ ఎక్కించి కృష్ణా కాలువల మీద ఊరూరా తిప్పిన ఉద్యమం మనది. పాఠకుడి దగ్గరకు మనం పోవడం ఈ వాట్సాప్‌తో మొదలవలేదు.

మీరడగబోయేది నాకు తెలుసు. శాఖలో ఉన్నది ఒక్క మనిషి. తాళం తీసేదీ ఆయనే, ఊడ్చేదీ ఆయనే, పేపర్లకు కర్ర కట్టేదీ ఆయనే. గదంతా పోటీ పరీక్షల పిల్లలు, చీమ చిటుక్కుమంటే తలెత్తి చూస్తారు. 1960 చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయిలో ఎనిమిది పైసలు గ్రంథాలయానికి రావాలి, అవి ఎప్పుడు వస్తాయన్నది ఇంకో ప్రసంగం. అందుకే వారానికి ఒకటి అనను. నెలకు ఒక శబ్దం. ఆ పోటీ పరీక్షల పిల్లలనే అడగండి, ఎడిటింగు మీకన్నా వాళ్లకు బాగా వచ్చు. ‘నిశ్శబ్దం పాటించండి’ బోర్డు తీయనక్కర్లేదు. రికార్డు చేసేవాడికి అంతకన్నా అవసరమైన బోర్డు ఇంకొకటి లేదు. నాకైతే దాన్ని చూసి బుద్ధి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ఇక ఆ కపిల రికార్డింగు వినిపించి కూర్చుంటాను. దయచేసి ఎవరైనా ఫ్యాన్లు ఆపండి. ఉక్కగా ఉంటుంది, రెండు నిమిషాలే. సెల్‌ఫోన్లు కూడా. చివర వచ్చే గొంతు నాది, చీటీ చదువుతుంది: తేదీ, చంద్రగిరి మండలం, ఉదయం పదిన్నర, మబ్బుగా ఉంది, వెనక వినిపించేది వేరుశనగ కాయల ఒలుపు. రెండు పాదాలు అయ్యాక కొంతసేపు ఏమీ ఉండదు. రికార్డింగు ఆగిపోయిందనుకుని లేవకండి. అది అటువైపు ఆయన వంతు. దాన్ని కత్తిరించలేదు.

(ఫ్యాన్లు ఆపారు. రికార్డింగు వినిపించారు.)